నీళ్లు బాగున్నాయని ఎవరు నిరూపించాలి?

సోనోరా నదిని చూసినవాళ్లెవరూ అది చెడిపోయిన నది అనుకోరు. నురగ ఉండదు, కంపు ఉండదు. మెక్సికో వాయవ్యాన, అమెరికా సరిహద్దుకు దగ్గర్లో కనానేయా కొండల్లో పుట్టి, రెండు కొండల వరసల మధ్య సన్నటి లోయలో దక్షిణానికి పారుతుంది. వానలు లేని రోజుల్లో చాలాచోట్ల మోకాలి లోతు కూడా ఉండదు, అడుగున గులకరాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. నవంబరులో ఒడ్డు పొడుగునా ఆలమో చెట్లు పసుపు రంగుకు తిరిగి ఉంటాయి. వాటి వెనక మెస్కీట్ తోపులు (మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టాలే ఇవి), ఆ వెనక ఎర్రటి కొండలు. అక్కడ నడుస్తుంటే ఆ నది గురించి చెడ్డమాట అనడానికి నోరు రాదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

2014 ఆగస్టు 6న కనానేయాలోని బుయెనావిస్తా దెల్ కోబ్రే రాగి గని నుంచి 40 వేల ఘనపు మీటర్ల యాసిడ్ ద్రావణం బయటికొచ్చి ఈ నదిలో కలిసింది. అంటే నాలుగు కోట్ల లీటర్లు. పదివేల లీటర్లు పట్టే ట్యాంకర్లకు ఎత్తితే నాలుగు వేల ట్యాంకర్లు. ముందు తినాహాస్ వాగులో పడింది, అక్కణ్ణుంచి బకనూచి నదిలోకి, అందులోంచి సోనోరాలోకి, కింద ఎల్ మొలినీతో డ్యాం దాకా పోయింది. నీళ్లు ఇటుక రంగుకు తిరిగాయి. అరిస్పే, బనామిచి, ఉయేపాక్, సాన్ ఫెలిపె దె హెసూస్, అకోంచి, బవియాకొరా, ఉరెస్. ఈ ఏడు మునిసిపాలిటీల్లో కలిపి ఇరవై వేలకు పైగా జనం ఉంటారు. నది పక్క బావులు మూసేశారు, ఆ ఏడాది బడులు ఆలస్యంగా తెరిచారు. ఆధునిక కాలంలో తమ దేశపు గనుల పరిశ్రమలో ఇంత ఘోరం జరగలేదని అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రే అన్నారు.

గనిలో జరిగే పని ఇది. రాగి శాతం తక్కువున్న ఖనిజాన్ని కొండల్లా పోసి, దానిమీద పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్ చిమ్ముతారు. యాసిడ్ మెల్లగా కిందికి ఇంకుతూ రాగిని కరిగించుకుని వస్తుంది. ఆ నీలిపచ్చ ద్రావణాన్ని చెరువుల్లో నిలవబెట్టి, అందులోంచి కరెంటు సాయంతో స్వచ్ఛమైన రాగిని రాబడతారు. కానీ యాసిడ్ రాగిని ఒక్కదాన్నే కరిగించదు. రాతిలో ఉన్న ఆర్సెనిక్, కాడ్మియం, సీసం, మాంగనీసు లాంటివి కూడా ఎంతోకొంత వస్తాయి. అలాంటి చెరువొకదానికి అమర్చిన ప్లాస్టిక్ పైపు బిగింపు ఊడిపోయింది. పొంగితే ఆపడానికి ఉండాల్సిన ఏర్పాటు అక్కడ లేదు. భారీ వానల వల్లే ఇలా జరిగిందని కంపెనీ మొదట చెప్పింది. ఆ రోజుల్లో అక్కడ అంత వాన పడలేదని మెక్సికో జాతీయ జలసంస్థ ఖండించింది. నీళ్లు రంగు మారాయని ముందు గమనించి గొడవ చేసింది కింద ఉన్న ఊళ్లవాళ్లు.

నేనుండేది సరిహద్దుకు ఇవతల, అమెరికాలోని అరిజోనాలో, టూసాన్‌లో. మా ఆఫీసులో పనిచేసే ఎర్మొసీయో ఊరి అబ్బాయితో కలిసి వెళ్లాను. సోనోరా రాష్ట్ర రాజధాని అది, ఈ నదికి చివరి ఊరు కూడా అదే. అక్కడి డ్యాము దాటాక సముద్రం దాకా నీళ్లు సాధారణంగా వెళ్లవు. మేం పైనుంచి, కనానేయా మీదుగా దిగాం. కనానేయాకు మెక్సికో చరిత్రలో పెద్ద పేరుంది. 1906 జూన్‌లో ఇక్కడి గని కార్మికులు, అదే పనికి అమెరికన్లకు ఐదు పెసోలిచ్చి తమకు మూడు, మూడున్నర ఇస్తున్నారని సమ్మె కట్టారు. కాల్పుల్లో ఇరవై మందికి పైగా చనిపోయారు. నాలుగేళ్ల తర్వాత వచ్చిన విప్లవానికి అది ముందడుగు అని అక్కడి పిల్లలు బడిలో చదువుకుంటారు. ఊరి పక్కనే గని. మెట్లు మెట్లుగా తవ్విన గుంత, దాని చుట్టూ బూడిదరంగు గుట్టలు. రోడ్డు మీదికే కనిపిస్తాయి.

కనానేయా నుంచి దిగితే మొదట బకోయాచి వస్తుంది. అక్కడ పారేదీ సోనోరా నదే. కానీ 2014 విషం ఆ ఊరిని తాకలేదు, ఎందుకంటే అది వేరే పాయలో, బకనూచి వైపు నుంచి వచ్చింది. ఆ రెండూ అరిస్పేకి కాస్త పైన కలుస్తాయి. మా మిత్రుడు కారాపి చూపించాడు. ఏ పాయ నుంచి ఏం వచ్చిందో తెలియనివాళ్లకు అక్కడ కనిపించేది ఒక్కటే: తేటగా పారుతున్న నీళ్లు. ఆర్సెనిక్‌కి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. తేటగా ఉన్నంత మాత్రాన నీళ్లు మంచివని అనుకోవడానికి లేదు, చెడ్డవనీ అనుకోవడానికి లేదు. ల్యాబులో పెడితే తప్ప కళ్లు చెప్పగలిగింది ఏమీ లేదు.

బనామిచిలో దిగి, పొలాల మధ్య నుంచి నది వెంట నడిచాం. ఆ లోయలో సాగంతా కాలువల మీదే. నదికి పైన ఎక్కడో మట్టీ రాళ్లతో చిన్న కట్ట వేసి, నీళ్లను గట్టు వెంట తిప్పి పొలాలకు తెస్తారు. వెల్లుల్లి, ఆల్ఫాల్ఫా గడ్డి, చిక్కుళ్లు, వేరుశనగ పండిస్తారు. ఒక పెద్దాయన పారతో మడికి గండి కొడుతున్నాడు. గట్టుమీద వేరుశనగ కట్టలు కట్టలుగా ఆరబెట్టి ఉన్నాయి. ఒక మొక్క పైకెత్తి, వేళ్లకున్న మట్టి దులిపి, కాయలు కోసి నా దోసిట్లో పోశాడు. "తిను మీహో" అన్నాడు. అబ్బాయ్ అన్నట్టు, అక్కడ పెద్దవాళ్లు అందరినీ అలాగే పిలుస్తారు. పచ్చికాయలు, తియ్యగా ఉన్నాయి. ఆయన భుజం వెనక, చెట్టునీడలో ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఉంది. డబ్బిచ్చి కొన్న నీళ్లు.

అక్కడ నా నడక ఆగిపోయింది. నదికీ ఆ క్యానుకీ మధ్య పట్టుమని యాభై అడుగులు లేదు. తర్వాత ఊళ్లో చూస్తే ప్రతి వరండాలోనూ అవే క్యాన్లు. తరతరాలుగా నది నీళ్లు, నది పక్క బావి నీళ్లు తాగిన ఊరు అది. ఆయన్ని అడిగితే దాచుకోకుండా చెప్పాడు: ఒకసారి బాగున్నాయన్నారు, ఇంకోసారి బాగాలేవన్నారు, ఎవరి మాట నమ్మాలో తెలియక కొనుక్కుంటున్నాం అని. ఆ కొనుక్కోవడమే నన్ను ఎక్కువగా బాధపెట్టింది. ప్రమాదం చేసింది ఒకరు. దానివల్ల వచ్చిన అనుమానానికి వారం వారం డబ్బు కడుతున్నది ఇంకొకరు. నీళ్లు నిజంగా ఈరోజు బాగానే ఉన్నాయనుకుందాం. అయినా ఆ క్యాను ఖర్చు ఆయనదే.

డబ్బు సంగతికొస్తే, కంపెనీకి పడిన జరిమానా సుమారు 2.35 కోట్ల పెసోలు. ఆ గని యజమాని గ్రూపో మెహికో ప్రపంచంలోని పెద్ద రాగి కంపెనీల్లో ఒకటి. అంతపెద్ద కంపెనీకి అది పెద్ద లెక్క కాదు. దానికి విడిగా, నష్టం పూడ్చడానికి 200 కోట్ల పెసోలతో ఒక నిధి పెట్టారు. 2014 సెప్టెంబరులో మొదలైన ఆ నిధిని 2017 ఫిబ్రవరిలో మూసేశారు. అప్పటికి ఖర్చయింది సుమారు 120 కోట్లు. నీటిని శుద్ధిచేసే ప్లాంట్లు 36 కడతామన్నారు. కట్టినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. బాధితులకు ప్రత్యేక వైద్యకేంద్రం అన్నారు, అనుకున్నట్టు పూర్తిచేయలేదు. ఊళ్లవాళ్లు "కొమితేస్ దె క్వెంకా రియో సోనోరా" పేరుతో కమిటీలు కట్టి కోర్టుకెక్కారు. 2020 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు, బాధితుల మాట వినకుండా నిధిని మూసేయడం చెల్లదంది. అంతకు ముందు, 2018లో, బకనూచి ఊరివాళ్లు ఇంకో కేసు గెలిచారు. వాళ్ల ఊరికి పైన గని వ్యర్థాల కోసం కొత్తగా ఒక పెద్ద డ్యాం కట్టుకుంటూ పోయారు, వాళ్లని అడిగినవాళ్లు లేరు. 2014లో ఆ విషం మొదట చేరిన ఊళ్లలో బకనూచి ఒకటి. ఆ ఊరి నెత్తిమీద వ్యర్థాల డ్యాం కడుతూ, ఆ ఊరివాళ్లకు ఒక్కమాట చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఇక్కడ కంపెనీ వైపు వాదన కూడా వినాలి, ఎందుకంటే అది పూర్తిగా కొట్టిపారేసేది కాదు. సోనోరా నేలల్లో సహజంగానే ఆర్సెనిక్ ఉంది. ఆ లోయలో ఊళ్ల మురుగు కూడా నదిలోకే పోతుంది, పొలాల మందులు పోతాయి. కనానేయా చుట్టుపక్కల గనులు తవ్వడం వందేళ్లకు పైబడ్డ పని. కాబట్టి ఈరోజు ఒక బావిలో ఆర్సెనిక్ దొరికితే అది 2014 నాటిదా, అంతకు ముందుదా, భూమిలో ఉన్నదా అని తేల్చడం నిజంగానే కష్టం. 2023లో మెక్సికో పర్యావరణ శాఖ, కాలుష్యం ఇంకా ఉందనీ, నష్టం రెండు వేల కోట్ల పెసోలకు పైనే అనీ ఒక నివేదిక ఇచ్చింది. కంపెనీ దాన్ని ఒప్పుకోలేదు. తాము చేయాల్సిన శుభ్రతంతా చేసేశామంది.

సరే, తేల్చడం కష్టమే. మరి ఆ కష్టం ఎవరి నెత్తిన పడాలి? ఇప్పుడైతే తాగేవాళ్ల నెత్తిన పడింది. నీళ్లలో విషం ఉందని వాళ్లు చూపించాలి, అది ఫలానా గని నుంచే వచ్చిందని చూపించాలి, తమ ఒంటిమీద దద్దుర్లకూ కడుపునొప్పికీ అదే కారణమని చూపించాలి. వేరుశనగ పండించుకునే ఆ పెద్దాయనకి ల్యాబ్ లేదు, టాక్సికాలజిస్టు లేడు, లాయరు లేడు. అవన్నీ ఉన్నది ఎదుటివాళ్ల దగ్గర. పైగా నది అందంగా ఉంది. చూడ్డానికి బాగున్న ప్రతిరోజూ అది కంపెనీ తరఫున సాక్ష్యం చెబుతున్నట్టే. మూసీ పక్క నుంచి ముక్కు మూసుకుని పోయేవాళ్లకు ఎవరూ ఏదీ నిరూపించి చూపనక్కర్లేదు. సోనోరా నది పక్కన మాత్రం, రోగం వచ్చిందన్న మనిషినే జనం వింతగా చూస్తారు.

ఈ భారం తిరగబడాలని నేనంటున్నాను. నీళ్లు చెడ్డవని ఊరు నిరూపించడం కాదు, నీళ్లు మంచివని గని నిరూపించాలి. ఒక్కసారి కాదు, గని నడిచినన్నాళ్లూ, మూసేశాక కూడా చాలా ఏళ్లు. పరీక్షకయ్యే ఖర్చు కంపెనీది, పరీక్ష చేసేది మాత్రం దాని చెప్పుచేతల్లో లేని ల్యాబు. ఫలితం వచ్చిన వారంలో ఊరివాళ్లకు అర్థమయ్యే భాషలో బావి దగ్గరే పెట్టాలి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన ఆలోచన కాదు. హైదరాబాదువాళ్లకు 111 జీవో తెలుసు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు వద్దని 1996లో ఇచ్చింది. ఆ జలాశయాల దగ్గర నూనెల ఫ్యాక్టరీ పెట్టబోయిన ఒక కంపెనీకీ ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ మధ్య వచ్చిన కేసులో, 1999 జనవరిలో మన సుప్రీంకోర్టు సరిగ్గా ఈ సంగతే చర్చించింది. సైన్సు ఖాయంగా చెప్పలేని చోట, హాని జరగదని చూపించాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టేవాళ్లదే అంది. లక్షల మంది తాగే నీళ్ల విషయంలో అనుమానం వస్తే ఆ అనుమానపు ఫలం తాగేవాళ్లకే దక్కాలన్నది దాని సారం. అంత స్పష్టంగా చెప్పిన తీర్పు మన దగ్గర ఉంది.

తీర్పు ఉంటే చాలదనడానికీ మన దగ్గరే ఉదాహరణ ఉంది. పటాన్‌చెరు ఫార్మా ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధిచేసి వదిలే కేంద్రం దగ్గర, బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో లోకానికి తెలిసింది. జబ్బు చేసిన మనిషి మాత్ర వేసుకుంటే రక్తంలో చేరే మోతాదు కంటే అది ఎక్కువ. అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే అక్కడి రైతులు, డాక్టర్లు వాగులు పాడయ్యాయని మొత్తుకుంటున్నారు. కానీ అంకె వేసి చూపించింది స్వీడన్ పరిశోధకులు. ఎక్కడో వేలమైళ్ల దూరం నుంచి ఎవరో వచ్చి సీసాలో నీళ్లు పట్టుకెళ్తే తప్ప, పక్కనే ఉన్నవాళ్ల మాటకు విలువ రాలేదు. సోనోరా లోయలో నాకు పదేపదే అది గుర్తొచ్చింది.

పరీక్ష జరిగినా, ఏ గీతతో కొలుస్తున్నారన్నది ఇంకో ప్రశ్న. తాగేనీళ్లలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 2014లో మెక్సికో నిబంధన 25. అంటే 20 ఉన్న బావి కాగితం మీద మంచిది, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన రెట్టింపు చెడ్డది. 2021 నిబంధన దాన్ని అంచెలంచెలుగా 10కి తెస్తోంది, మంచిదే. కానీ పాత గీత ప్రకారం "పరిమితి లోపే" అని ఎన్ని బావులకు సర్టిఫికెట్ ఇచ్చారో, ఆ నీళ్లు తాగిన పిల్లలకు ఇప్పుడు ఎన్నేళ్లో ఆలోచిస్తే కోపం వస్తుంది.

నన్ను ఎక్కువ ఇరుకున పెట్టిన మాట మాత్రం కంపెనీది కాదు, మేం బస చేసిన ఇంటావిడది. మేం వెళ్లేసరికి వరండాలో చిల్తెపీన్ ఏరుతున్నారు. అడవిలో పొదల మీద కాసే మిరప అది, మిరియం గింజంత, గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది. వెదురు చాటలాంటి దాన్లో పోసుకుని, ఒక్కొక్క కాయకీ తొడిమ గిల్లి పక్కన వేస్తున్నారు. వేళ్లు మండకుండా మధ్యమధ్యలో చేతికి నూనె రాసుకుంటున్నారు. గుంటూరు మిర్చి ఏ జాతి మొక్కో, దాని అడవి మూలం ఈ చిల్తెపీనే. ఆ మాట చెబితే ఆవిడకి భలే సంతోషమేసింది, దోసెడు పొట్లం కట్టి ఇచ్చారు. నది సంగతి ఎత్తగానే ముఖం మారిపోయింది. 2014 తర్వాత ఎర్మొసీయో మార్కెట్‌లో ఈ లోయ జున్నంటే, కూరగాయలంటే కొనేవాళ్లు లేకుండా పోయారట. ఏళ్లు పట్టింది మళ్లీ నిలదొక్కుకోవడానికి. ఇప్పుడు టూరిస్టులు వస్తున్నారు, వేడినీటి బుగ్గల కోసం, పాత మిషన్ చర్చిల కోసం వస్తున్నారు. "మీరు వెళ్లి ఇదంతా రాస్తే మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు.

ఆవిడ భయం న్యాయమైనది. దానికి తగ్గ జవాబు చెప్పకుండా ఈ వ్యాసం ముగించడం నాకిష్టం లేదు. 2014లో జున్ను అమ్ముడుపోకపోవడానికి కారణం ఎవరో నది గురించి మాట్లాడటం కాదు. ఫలానా ఊరి పాలు బాగున్నాయి, ఫలానా బావి నీళ్లు బాగాలేవు అని నమ్మకంగా చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేకపోవడం. అంకెలు లేనిచోట కొనేవాడు లోయ మొత్తాన్ని ఒకే గాటన కట్టేశాడు. విషం తగలని బకోయాచి జున్నుకీ తగిలిన ఊరి జున్నుకీ తేడా చూడమంటే ఎలా చూస్తాడు? మౌనం ఆవిడ వ్యాపారాన్ని ఏ టూరిస్టు సీజన్ దాకానో కాపాడుతుంది. పైన కొత్త డ్యాం నిండుతున్నప్పుడు, ఇంకో పైపు బిగింపు ఊడితే, మౌనం దేన్నీ కాపాడదు. ఆవిడతో ఇదే అన్నాను. ఒప్పుకున్నారని చెప్పలేను. వాదించలేదు, ఇంకో టోర్టియా వేసి పెట్టారు.

రాగి లేకుండా బతకగలమా అని అడిగే మిత్రులున్నారు. బతకలేం. ఈ ల్యాప్‌టాప్‌లో రాగి ఉంది, రేపు నేను కొనబోయే ఎలక్ట్రిక్ కారులో మామూలు కారుకంటే చాలా ఎక్కువ ఉంటుంది. గని మూసేయమని ఆ లోయలో నాతో మాట్లాడినవాళ్లు కూడా అనలేదు, వాళ్ల ఇళ్లల్లోంచే అక్కడ పనికి వెళ్లినవాళ్లున్నారు. వాళ్లడుగుతున్నది నమ్మదగిన నీళ్లు, జబ్బు చేస్తే చూసే డాక్టరు, పైన ఏం కడుతున్నారో ముందే చెప్పడం. రాగి ధరలో ఇవన్నీ కలిపితే కిలోకి ఎంత పెరుగుతుందో అంత పెరగనివ్వాలి. ఇప్పుడు ఆ తేడాని క్యాను నీళ్ల రూపంలో బనామిచి రైతు కడుతున్నాడు.

ఫీనిక్స్, టూసాన్ వైపు ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్ వస్తే రాకీ పాయింట్ బీచికే పోతుంటారు. ఒకసారి ఇటు వెళ్లండి. వానాకాలంలో నది రోడ్డు మీదికి వస్తుంది, కాబట్టి అక్టోబరు దాటాక వెళ్లండి. అరిస్పే చర్చి చూడండి. ఉరెస్‌లో హమోన్సీయో తినండి, మన పాలకోవా గుర్తొస్తుంది. చిల్తెపీన్, వెల్లుల్లి, వేరుశనగ పండించినవాళ్ల దగ్గరే కొనండి, బేరమాడకండి. ఎక్కడ బస చేసినా ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఊరి బావి నీళ్లు ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఆ రిపోర్టు ఎక్కడుంది? నేను అడిగినచోట ఎవరూ చూపించలేకపోయారు. వచ్చిన ప్రతి టూరిస్టూ అదే అడుగుతుంటే, ఆ కాగితం కోసం ఊరివాళ్లు గని మీద తెచ్చే ఒత్తిడికి ఇంకాస్త బలం వస్తుంది.